సిక్లిడ్ ట్యాంకుకు డివైడర్ కొనేముందు

సిక్లిడ్లు అక్వేరియంలో పెంచే ఒక చేపల కుటుంబం. కన్విక్ట్, గ్రీన్ టెర్రర్, ఆస్కార్, జాగ్వార్ లాంటి సిక్లిడ్లను జత కట్టించాలనుకునేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అక్వేరియం షాపుకు వెళ్ళి అడిగే వస్తువు డివైడర్. ట్యాంకును రెండు గదులు చేసే అడ్డు పలక అన్నమాట. ఇందులో మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి, సక్షన్ కప్పులతో వచ్చే రెడీమేడ్ ప్లాస్టిక్ పలక. రెండోది, ఫాల్స్ సీలింగ్ లైట్ల కింద బిగించే గళ్ళ ప్లాస్టిక్ షీటు, అక్వేరియంవాళ్ళు ఎగ్ క్రేట్ అంటారు. మూడోది, కొలతకు కోయించుకునే గాజు లేదా యాక్రిలిక్ పలక.

మూడింటి పనీ ఒకటేలా కనిపిస్తుంది గానీ కాదు. జత కట్టించడానికి ఎగ్ క్రేట్‌ను మించింది లేదు. రెండు చేపలు ఇక ఎప్పటికీ కలవవని తేలిపోతే గాజు మంచిది. పది సెంటీమీటర్లు దాటిన ఏ సిక్లిడ్‌కీ రెడీమేడ్ పలక కొనొద్దు. ఎందుకో తెలియాలంటే పలక కన్నా ముందు చేప సంగతి చూడాలి.

సిక్లిడ్ కొట్లాడేది చోటు కోసం. గుడ్లు పెట్టడానికి ఒక రాయో, ఒక బొరియో, ఇసుకలో ఒక గుంటో ఎంచుకుంటుంది. దాని చుట్టూ కంటికి కనిపించినంత మేరా తనదే అనుకుంటుంది. ఏట్లోనో సరస్సులోనో అయితే ఓడిన చేప నాలుగైదు మీటర్లు పారిపోతుంది, గొడవ అక్కడితో ముగుస్తుంది. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో అంచు దాకా నింపినా పట్టేది 255 లీటర్లే. ఓడిన చేప ఎంత పారిపోయినా గెలిచినదాని కళ్ళ ముందే ఉంటుంది. అది ఇంకా తన హద్దులోనే ఉందనుకుని గెలిచినది, ఎక్కువగా మగదే, తరుముతూనే ఉంటుంది. చాలా ట్యాంకుల్లో ఆడది చచ్చిపోయేది ఇలాగే. మగదానికి దానిమీద ప్రత్యేకించి పగేమీ ఉండదు, ఆడదానికి తప్పుకునే చోటు లేకపోవడమే అసలు సమస్య. ఆ చోటును మనం చేసి ఇవ్వడమే డివైడర్ పని.

అయితే ప్రతి గొడవకీ డివైడర్ దించకూడదు. సిక్లిడ్ల కొట్లాటకు ఒక వరస ఉంది. మొదట రెక్కలన్నీ విప్పి పక్కకు తిరిగి నిలబడతాయి, రంగు ముదురుతుంది, చారలు తేలతాయి. తర్వాత ఎదురెదురుగా నిలబడి మొప్పల మూతలు విప్పుతాయి. ఆ తర్వాత ఒకదాని ఒంటి మీదకు ఇంకొకటి తోకతో నీళ్ళు కొడుతుంది. చివరికి మూతి మూతి కరుచుకుని తోసుకుంటాయి. కొత్తగా కలిపిన వాళ్ళు ఈ మూతిపట్టు చూసి హడలిపోయి వెంటనే విడదీస్తారు. తొందరపడొద్దు. జత కట్టబోయే మగా ఆడా కూడా ఒకదాని బలం ఒకటి ఇలాగే తూచుకుంటాయి. రెండూ సమంగా నిలబడుతున్నంతసేపూ, రెండిటి రెక్కలూ విప్పి ఉన్నంతసేపూ చూస్తూ ఉండండి.

విడదీయాల్సిన గుర్తులు వేరు. ఓడిన చేప రెక్కలు ముడుచుకుంటుంది, రంగు వెలిసిపోతుంది, పైమూలలో నీటి అంచున తల పైకెత్తి కదలకుండా నిలబడుతుంది, లేదా హీటర్ వెనక్కి దూరి మేతకు కూడా బయటికి రాదు. తోక అంచున చిన్న చీలిక ఉంటే పర్వాలేదు. చీలిక మొదలు దాకా వెళ్ళినా, పొలుసులు ఊడి తెల్లగా కనిపించినా అదే గంటలో డివైడర్ దించాలి. అందుకే ఆ పలక ముందే కోసి, కొలత సరిచూసి, ట్యాంకు పక్కన సిద్ధంగా ఉండాలి. గొడవ మొదలయ్యాక షాపుకు పరిగెత్తితే ఉపయోగం లేదు.

ఇక రెడీమేడ్ పలక. పల్చటి ప్లాస్టిక్, చిన్నచిన్న రంధ్రాలు, నాలుగు మూలలా సక్షన్ కప్పులు. కొత్తలో గట్టిగానే పట్టుకుంటుంది. నీళ్ళలో ఉండగా ఉండగా కప్పు రబ్బరు బిరుసెక్కుతుంది, గాజు మీద సన్నటి పాచి పొర ఏర్పడుతుంది, పట్టు సడలుతుంది. ఇరవై సెంటీమీటర్ల జాగ్వార్ ఒక్కసారి భుజంతో తోస్తే కింది అంచు పక్కకు జరిగిపోతుంది. పైగా ఈ పలకలు కొన్ని నిర్ణీత సైజుల్లోనే వస్తాయి, మన ట్యాంకులేమో అంగుళాల్లో ఇష్టం వచ్చిన కొలతకు చేయించుకున్నవి. పక్కన వేలు పట్టేంత సందు మిగిలితే చేప దూరిపోతుంది, లేకపోతే దూరబోయి ఇరుక్కుని చస్తుంది. రామ్, అపిస్టోగ్రామా లాంటి మరుగుజ్జు సిక్లిడ్లకు, కొత్తగా తెచ్చిన చిన్న చేపను నాలుగు రోజులు విడిగా ఉంచడానికి పనికొస్తుంది, అంతే.

ఎగ్ క్రేట్ సంగతి వేరు. అరంగుళం గళ్ళు, దాదాపు అంతే మందం. చూపు ఆగదు, నీళ్ళు ఆగవు, వాసన ఆగదు. సిక్లిడ్లకు వాసన చిన్న విషయం కాదు. ఎదుటి చేప హోదా ఏమిటి, గుడ్లకు సిద్ధంగా ఉందా లేదా అన్న కబురు నీళ్ళలో కలిసే మూత్రం ద్వారా కూడా చేరుతుంది. సీలు వేసిన గాజు ఆ కబురును ఆపేస్తుంది. జత కట్టించడానికి గళ్ళ షీటే మంచిదని చెప్పడానికి మొదటి కారణం అదే.

కొనేటప్పుడు తెల్లగానో పారదర్శకంగానో ఉన్న మామూలు ప్లాస్టిక్ షీటే తీసుకోండి. అద్దంలా మెరిసే వెండి పూత ఉన్నవి లైట్లకు బాగుంటాయేమో గానీ ట్యాంకులోకి వద్దు. కటింగ్ ప్లయర్‌తో ఒక్కో పుల్లా తుంచుకుంటూ వెళ్ళాలి. రంపం పెడితే పెళుసు ప్లాస్టిక్ గీతకు అడ్డంగా విరిగిపోతుంది. ట్యాంకు లోపలి వెడల్పు కన్నా మొత్తం మీద 3 మిల్లీమీటర్లు తక్కువ ఉంచండి. పై అంచు నీటి మట్టం కన్నా కనీసం 3 అంగుళాలు ఎత్తుండాలి, మూతకు ఆనితే ఇంకా మంచిది. తరుముడు పడే చేప ఎగురుతుంది, ఎగిరి పక్క గదిలో పడితే అక్కడున్నది మగదే. తుంచిన పుల్లల మొనలను ఆకురాయితో రుద్దండి. లేకపోతే ఎయిర్ పంపు గొట్టాన్ని పొడవునా చీల్చి అంచుకు తొడిగేయండి. ఈ పని వదిలేసిన ట్యాంకుల్లో కళ్ళకు దెబ్బ తగిలిన చేపలు కనిపిస్తాయి.

ఈ షీటుకు నీళ్ళలో బరువు ఉండదు కాబట్టి గట్టిగా పట్టుకునేది ఏదో కావాలి. ఖాళీ ట్యాంకుకు ముందూ వెనకా గాజు మీద షీటు దిగేలా పీవీసీ యూ ఛానల్ (U ఆకారపు పట్టీ) సిలికాన్‌తో అంటించడం అన్నిటికన్నా గట్టి పద్ధతి. ఫంగస్ పట్టదని రాసి ఉండే బాత్రూం సిలికాన్ వాడొద్దు, అందులో కలిపే మందు చేపలకు విషం. అక్వేరియం కోసమని రాసి ఉన్నదే కొనండి. 48 గంటలు ఆరనిచ్చి, పులుపు వాసన పూర్తిగా పోయాకే నీళ్ళు పోయండి. షీటు కింది అంచు అడుగు గాజుకు ఆనాలి, గ్రావెల్ ఆ తర్వాత వేయాలి. గ్రావెల్ మీద నిలబెడితే తెల్లారేసరికి కింద సొరంగం ఉంటుంది. గుడ్లకు ముందు కన్విక్ట్ జత నోటితో ఎంత గ్రావెల్ మోసి పోస్తుందో ఒకసారి చూసినవాళ్ళెవరూ ఈ విషయంలో అశ్రద్ధ చేయరు. రాళ్ళకూ ఇదే నియమం. కడప బండ ముక్కలు పేర్చేవాళ్ళు కూడా వాటిని గాజు మీదే కూర్చోబెట్టి తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. కడప బండ సున్నపురాయి జాతిది కాబట్టి గట్టినీళ్ళు ఇష్టపడే ఆఫ్రికా సిక్లిడ్లకూ కన్విక్ట్‌లకూ ఇబ్బంది లేదు. మెత్తటి నీళ్ళు కావాల్సిన డిస్కస్ చేపల ట్యాంకులో మాత్రం పెట్టకండి.

గాజు పలకకు 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం తీసుకుని, అంచులు రుద్దించి, పై మూలలు రెండూ అంగుళం మేర కోయించండి, నీటి మట్టం ఆ కోత అడుగుకు పైనే ఉండాలి. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ చవక, కానీ నీళ్ళు పీల్చుకుని విల్లులా వంగుతుంది, వంగితే పక్కన సందు పడుతుంది. యాక్రిలిక్కే కావాలంటే 6 మిల్లీమీటర్లది తీసుకోండి. గాజుతో వచ్చే అసలు చిక్కు నీటి ప్రవాహం. ఫిల్టర్ ఒక గదిలో, హీటర్ ఇంకో గదిలో ఉంటే రెండు గదుల నీళ్ళూ రెండు రకాలైపోతాయి. రెండు వైపులా విడివిడిగా స్పాంజి ఫిల్టర్, విడివిడిగా హీటర్ పెట్టాల్సిందే. ఎగ్ క్రేట్‌కు ఆ ఖర్చు లేదు, ఫిల్టర్ పీల్చే గొట్టం ఒక గదిలో, వదిలే గొట్టం రెండో గదిలో పెడితే సరిపోతుంది. అయినా ఎండాకాలంలో నీళ్ళు 31, 32 డిగ్రీలకు చేరే మన ఊళ్ళలో రెండు గదులకూ ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టండి. నీళ్ళు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకేమో ఒంటి జోరు పెరుగుతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు అదనపు హంగు కాదు, తప్పనిసరి.

ఇప్పుడు వాడే పద్ధతి. ఆడది పాత కాపు, మగది కొత్త కాపు అయ్యేలా చూడండి. ఏ చేప ముందు నుంచి ఆ చోట ఉంటే దానికి అక్కడ ధైర్యం ఎక్కువ. మగది పెద్దది, బలమైనది కాబట్టి ఆ ధైర్యం ఆడదానికి ఉంటే లెక్క కాస్త సరిపోతుంది. డివైడర్ వేసి, ఆడదాని గదిలో అడ్డంగా పడుకోబెట్టిన మట్టి కుండీ ఒకటి పెట్టండి. దాని నోరు ఆడది పట్టేంతే ఉండాలి. కనీసం రెండు వారాలు ఓపిక పట్టండి. మొదటి రోజుల్లో రెండూ షీటును పొడుస్తాయి. తర్వాత పొడవడం తగ్గి, షీటుకు ఆనుకుని పక్కపక్కనే ఈదడం, ఒళ్ళు సన్నగా వణికించడం, రెండు వైపులా ఒకే చోట గుంట తవ్వడం మొదలవుతుంది. కన్విక్ట్ ఆడదానికి పొట్ట మీద నారింజ రంగు మెరుపు ముదురుతుంది. ఇక్కడ కొత్తవాళ్ళు పొరబడుతుంటారు: ఈ జాతిలో రంగు ఎక్కువున్నది ఆడది, రెక్కల చివర్లు పొడుగ్గా సాగినది మగది. నమ్మదగిన ఆఖరి గుర్తు పొట్ట కింది గొట్టం. గుడ్లకు ఒకటి రెండు రోజుల ముందు అది బయటికి కనిపిస్తుంది, ఆడదానికి లావుగా మొద్దుగా, మగదానికి సన్నగా కోసుగా ఉంటుంది.

ఆ గొట్టం కనిపించాక, మీరు రోజంతా ఇంట్లో ఉండే రోజున షీటు ఎత్తండి. ఎత్తేముందు రెండు వైపులా కడుపు నిండా మేత వేసి, మూడోవంతు నీళ్ళు మార్చి, రాళ్ళూ కుండీలూ చోటు మార్చి పెట్టండి. హద్దులన్నీ కొత్తవైతే మగదానికి కాపాడుకోవడానికి పాత కోట ఉండదు. లైటు తగ్గించండి. మొదటి రోజు రెండు గంటలు చాలు, మళ్ళీ దించేయండి. మరునాడు ఇంకొంచెం ఎక్కువ.

ఎన్నిసార్లు ఎత్తినా మగది ఆగకపోతే, ఎగ్ క్రేట్ గొప్పతనం అప్పుడు తెలుస్తుంది. షీటు కింది భాగంలో ఆడది దూరేంత, మగది దూరలేనంత ద్వారం కోయండి. ఏడు సెంటీమీటర్ల కన్విక్ట్ ఆడదానికి మూడు గళ్ళ వెడల్పు, మూడు గళ్ళ ఎత్తు, అంటే ఒకటిన్నర అంగుళం సరిపోతుంది. పన్నెండు సెంటీమీటర్ల మగది అందులో పట్టదు. ఆడది తనకు ఇష్టమైనప్పుడు వెళ్ళి, తరిమితే వెనక్కి వచ్చేస్తుంది. రెండూ సమాన సైజులో ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. అప్పుడు ఇంకో దారి ఉంది. గుడ్లు పెట్టే పలకనో కుండీనో షీటుకు ఆనించి పెట్టి, ఫిల్టర్ ధారను మగదాని వైపు నుంచి ఆడదాని వైపుకు తిప్పండి. ఆడది గుడ్లు పెడుతుండగా మగది అవతల షీటుకు ఆనుకుని వదిలే వీర్యం గళ్ళలోంచి ధారతో చేరుతుంది. అన్ని గుడ్లూ కట్టవు, చాలా తెల్లబడతాయి, కానీ రెడ్ డెవిల్ లాంటి మొండి చేపల్లో ఆడదాన్ని పోగొట్టుకోకుండా పిల్లల్ని తీయడానికి ఇది నమ్మకమైన దారి.

డివైడర్‌కు ఇంకో వాడకం ఉంది, చాలామందికి తట్టదు. జత బాగానే కుదిరి, ట్యాంకులో అవి రెండే ఉన్నప్పుడు, కొన్నాళ్ళకు మగది ఆడదాన్నే కొట్టడం మొదలుపెడుతుంది. కాపాడే స్వభావం దానికి ఉంది, కాపాడాల్సినంత శత్రువు ఎదురుగా లేడు. గళ్ళ షీటు అవతల మరో జతనో, గట్టి చేపనో పెడితే మగదాని జోరంతా అటు తిరుగుతుంది, ఆడది కూడా దానితో కలిసి అటే కాపలా కాస్తుంది. జంతువుల ప్రవర్తన మీద పనికి 1973లో నోబెల్ అందుకున్న కోన్రాడ్ లోరెంజ్ ఇదే చెప్పారు: రెండు జతల మధ్య గాజుకు పాచి పట్టి పక్క జత కనిపించకపోతే, మగది తన జోడు మీద విరుచుకుపడుతుంది. అందుకని ఎగ్ క్రేట్ గళ్ళలో పాచి నిండకుండా చూడండి. నీళ్ళు మార్చేటప్పుడు వాడేసిన టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. పెరిగిపోతే షీటు తీసి ఎండలో ఆరబెట్టి కడిగి పెట్టండి, సబ్బు మాత్రం తగలనివ్వొద్దు.

గుడ్లు పెట్టాక ఆడది రెక్కలతో విసురుతూ అక్కడే ఉంటుంది, మగది బయట కాపలా. 27 డిగ్రీల దగ్గర కన్విక్ట్ గుడ్లు మూడు రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు ఈదడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. ఈ రోజుల్లో రాత్రి లైటు హఠాత్తుగా ఆర్పకండి, చిన్న బెడ్ లైట్ వెలుతురు ఉంచండి. కొత్త జతలు మొదటి రెండు మూడు సార్లు గుడ్లు తినేయడం మామూలే, దాని కోసం జత మార్చేయొద్దు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక అరంగుళం గళ్ళు వాటికి తలుపులే. షీటుకు దోమతెర నైలాన్ గుడ్డను చేపల వేట దారంతో కుట్టండి, లేకపోతే అవతలి గదిలోని చేపకు మేతవుతాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని ఒక్కసారిగా తీసేస్తే మగది మళ్ళీ గుడ్ల కోసం ఆడదాని వెంటపడుతుంది. ఆడదాని ఒంట్లో గుడ్లు లేవు, కాబట్టి తన్నులు తింటుంది. పిల్లల్ని తీసే రోజే డివైడర్ దించి, ఆడదానికి రెండు వారాలు మంచి మేత వేయండి.

ఏంజెల్ చేపలకు పని సులువు. ఆరు పిల్లల్ని కలిపి పెంచితే జత వాటంతట అదే కుదురుతుంది. ఆ జత గుడ్లు పెట్టిన వైపు మూడోవంతు ట్యాంకును ఎగ్ క్రేట్‌తో మిగతావాటికి మూసేస్తే చాలు.

ఎంబూనాలు, అంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు రాళ్ళ మధ్య బతికే సిక్లిడ్లు, పెంచేవాళ్ళు డివైడర్ మీద డబ్బు పెట్టొద్దు. వాటిలో జత కట్టడం లేదు. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలి, ట్యాంకు కాస్త కిక్కిరిసి ఉండాలి, ఫిల్టర్ దానికి తగ్గంత గట్టిదై ఉండాలి. అప్పుడు తరుముడు అందరికీ పంచుకుపోయి ఏ ఒక్క చేపా బలి కాదు. డెమాసోనీ లాంటివి పన్నెండుకు తక్కువ ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటూ వస్తాయి. మన చెరువుల్లోని తిలాపియాలాగే ఈ ఆడవి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతాయి, మూడు వారాలు దాదాపు ఏమీ తినవు. పిల్లల్ని వదిలాక చిక్కిపోయిన ఆడదాన్ని అదే ట్యాంకులో షీటు చాటున కాకుండా వేరే చిన్న ట్యాంకులో వారం రోజులు మేపి, రాళ్ళు సర్ది, మిగతావాటికి మేత వేస్తున్న వేళ వదలండి.

ఫ్లవర్‌హార్న్ జత అని అమ్మే చోట ఇంకో జాగ్రత్త. ఇది మనిషి కలిపి తీసిన సంకర జాతి, మగవాటిలో చాలావాటికి పిల్లలు పుట్టవు. బ్లడ్ ప్యారట్ మగవీ అంతే. గుడ్లన్నీ ప్రతిసారీ తెల్లబడుతుంటే తప్పు నీళ్ళదీ కాదు, డివైడర్‌దీ కాదు. అంతకు ముందు పిల్లలు తీసినట్టు రుజువున్న మగదాన్నే వెతికి కొనండి. ఒంటరి ఫ్లవర్‌హార్న్ ఉన్న 3 అడుగుల ట్యాంకును పలకతో సగం చేసి ఇంకో చేపను దించమని షాపులో సలహా ఇస్తే వినకండి. ఇరవై అయిదు సెంటీమీటర్లు పెరిగే చేపకు అడుగున్నరలో తిరగడానికి కూడా చోటుండదు.